తక్కువ డబ్బులో టర్న్‌టేబుల్ కార్ట్రిడ్జ్ మార్చుకోవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా బాపు కొన్న రికార్డులు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. వాటిని వినడానికి నేనొక టర్న్‌టేబుల్ కొని, దాన్ని నాలుగుసార్లు పాడుచేసి, అయిదుసార్లు బాగుచేసుకున్నాను. ఆ సంగతి తెలిసినవాళ్లు హనుమకొండ నుంచి, జనగామ నుంచి, ఈ మధ్య మంచిర్యాల నుంచి కూడా ఫోన్ చేస్తుంటారు. అందరిదీ ఒకటే మాట: "అన్నా, తక్కువలో మంచి కార్ట్రిడ్జ్ పేరు చెప్పు." పేరు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ అడిగినవాళ్లలో చాలామందికి కార్ట్రిడ్జ్ అవసరం ఉండదు, కొందరి ప్లేయర్‌కు అది ఎక్కదు. అందుకే మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబులు రాసిపెడుతున్నాను.

సూది, కార్ట్రిడ్జ్ ఒకటేనా?

కాదు. ఈ తేడా తెలియక డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. రికార్డు గాడిలో నడిచే వజ్రపు మొన, దాన్ని పట్టుకున్న సన్నని కడ్డీ, ఆ కడ్డీ వెనక చివరన ఉండే చిన్న అయస్కాంతం, ఈ మూడూ కలిపితే సూది. పెద్దవాళ్లు ముల్లు అంటారు, అమ్మేవాళ్లు స్టైలస్ అని రాస్తారు. సూదిని దూర్చే డబ్బా లాంటి భాగంలో తీగ చుట్లు ఉంటాయి. ఆ డబ్బా, సూది కలిస్తే కార్ట్రిడ్జ్. మొన కదిలితే అయస్కాంతం కదులుతుంది, దాంతో చుట్లలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు 3 నుంచి 6 మిల్లీవోల్టులు, అంతే. ఈ పద్ధతిని మూవింగ్ మాగ్నెట్ అంటారు. తక్కువ బడ్జెట్‌లో మనం మాట్లాడుకునేవన్నీ దాదాపు ఈ రకమే.

అరిగేది సూది. డబ్బాకు అరుగుదల లేదు, తీగ తెగకపోతే దశాబ్దాలు పనిచేస్తుంది. చాలా కార్ట్రిడ్జ్‌లలో సూదిని వేలితో లాగితే ఊడివస్తుంది, కొత్తది నొక్కితే కూర్చుంటుంది. కాబట్టి కార్ట్రిడ్జ్ కొనేటప్పుడు నేను మొదట చూసేది రేపు దానికి ఏయే సూదులు దొరుకుతాయన్నది. ఈ రోజు దాని సౌండ్ ఎలా ఉందన్నది ఆ తర్వాతే.

నా ప్లేయర్‌కు కార్ట్రిడ్జ్ మార్చవచ్చో లేదో ఎలా తెలుసుకోవాలి?

సూదిని రికార్డు మీదికి మోసే పొడవాటి చేయిని ఆర్మ్ అంటారు. దాన్ని రెండు చోట్ల చూడండి. వెనక వైపు తిప్పగలిగే గుండ్రటి బరువు ఉందా? ముందు వైపు కార్ట్రిడ్జ్‌ను పట్టుకునే హెడ్‌షెల్ మీద రెండు చిన్న స్క్రూలు ఉన్నాయా? ఆ స్క్రూల మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండూ ఉంటే మీకు మార్కెట్ అంతా తెరిచి ఉన్నట్టే.

స్క్రూలు లేకుండా ఆర్మ్, హెడ్‌షెల్ ఒకే ప్లాస్టిక్ ముక్కగా ఉంటే కార్ట్రిడ్జ్ ఆలోచన మానేయండి. సూది మాత్రం మార్చుకోవచ్చు. 1980ల నాటి కొన్ని జపాన్ ప్లేయర్లలో కార్ట్రిడ్జ్ ప్లగ్గులా ఆర్మ్‌లోకి దూరి, పక్క నుంచి ఒకే ఒక్క స్క్రూతో బిగుస్తుంది. దాన్ని పీ-మౌంట్ అంటారు. వాటికి ఆ రకం కార్ట్రిడ్జ్‌లే కొనాలి.

నా దగ్గర ఆడియో-టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ ఉంది. దానికి ఏం పెట్టాలి?

మన దగ్గర కొత్తగా మొదలుపెట్టేవాళ్లలో చాలామంది కొనేది ఇదే. కార్ట్రిడ్జ్ మార్చడం కుదరదు. లోపల ఉన్నది ఏటీ3600ఎల్ రకం, సుమారు 3 గ్రాముల బరువుతో నడుస్తుంది. దాని గుండ్రటి మొన సూదిని మార్చుకోవచ్చు. అదే డబ్బాకు సరిపోయే అండాకారపు మొన సూదులను వేరే కంపెనీలు చేస్తున్నాయి. అది పెట్టుకుంటే సైడు చివరి పాటలు కొంచెం శుభ్రంగా వినిపిస్తాయి. అంతకు మించి ఈ ప్లేయర్ మీద పెట్టే ప్రతి రూపాయీ తర్వాత కొనబోయే ప్లేయర్ కోసం దాచుకోవాల్సిన రూపాయే.

సూట్‌కేస్ ప్లేయర్‌కు?

పెట్టకండి. వాటిలో ఉండేది సిరామిక్ కార్ట్రిడ్జ్, అంటే అయస్కాంతం లేని చౌక రకం. వెనక బరువు ఉండదు కాబట్టి సూది మీద 5 గ్రాముల దగ్గర, కొన్నింట్లో అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ ఆర్మ్‌కు మంచి కార్ట్రిడ్జ్ తగిలిస్తే దాని కడ్డీ కుంగిపోతుంది. సూది అరిగితే అదే రకం కొత్తది వేయండి.

తాతగారి కాలం హెచ్‌ఎంవీ ప్లేయర్, ఫిలిప్స్ ప్లేయర్ అటక మీద ఉన్నాయి. వాటికి కొత్త కార్ట్రిడ్జ్ పెడితే?

ఈ ప్రశ్న నాకు ఇష్టం, జవాబు మాత్రం అడిగినవాళ్లకు నచ్చదు. ఆ పెట్టెల్లో ఎక్కువ భాగం సిరామిక్ లేదా క్రిస్టల్ కార్ట్రిడ్జ్‌లతో వచ్చినవే. వాటి నుంచి వచ్చే కరెంటు మిల్లీవోల్టులలో వందల్లో ఉంటుంది. లోపలి యాంప్లిఫయర్‌ను ఆ లెక్కకే కట్టారు. 4 మిల్లీవోల్టుల మూవింగ్ మాగ్నెట్ పెడితే వాల్యూమ్ పూర్తిగా తిప్పినా పక్కింటి మాటలే గట్టిగా వినబడతాయి. ఆర్మ్ కూడా బరువైనది, కీళ్ల దగ్గర బిగుసుకుని ఉంటుంది.

అలాంటిదానికి సిరామిక్ కార్ట్రిడ్జ్ వెతికి పెట్టించండి, రబ్బరు చక్రం మార్పించండి, జ్ఞాపకంగా పండగ పూట వాయించండి. మంచి సౌండ్ కోసం అయితే వేరే ప్లేయర్ కావాలి. తాతగారి పెట్టెను "అప్‌గ్రేడ్" చేస్తానని దాని పొట్ట కోసినవాళ్లను చూశాను. చివరికి అదీ ఇదీ కాకుండా పోయింది.

సరే, నా ఆర్మ్‌కు బరువూ ఉంది, స్క్రూలూ ఉన్నాయి. ఇక కొనేయవచ్చా?

ఆగండి. ముందు పైసా ఖర్చు లేని పనులు మూడు ఉన్నాయి. ఇవి చేశాక "అన్నా, ఇక వద్దులే, బాగానే ఉంది" అని ఫోన్ చేసినవాళ్లు ఎక్కువ.

మొదటిది శుభ్రం. వరంగల్ దుమ్ము సంగతి మీకు చెప్పక్కర్లేదు. పత్తి సీజన్‌లో గాలిలో ఎగిరే నూగు సూది మొనకు చిన్న గడ్డంలా పట్టుకుంటుంది. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఉండేవాళ్లకు మిర్చి దుమ్ము దీనికి అదనం. మెత్తని బ్రష్‌తో వెనక నుంచి ముందుకు, అంటే ఆర్మ్ మొదలు వైపు నుంచి మీ వైపుకు, మెల్లగా ఒక్కసారి లాగండి. పక్కలకు రుద్దితే కడ్డీ వంగుతుంది. రికార్డులకు బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ లీటరు, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, మెత్తని గుడ్డ ఉంటే చాలు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ తుడవండి. షాపువాడు యాసిడ్ ఇవ్వకుండా చూసుకోండి, డబ్బాలు ఒకేలా ఉంటాయి.

రెండోది బరువు. సూది రికార్డు మీద ఎన్ని గ్రాములు మోపుతోందో చాలామంది ఎప్పుడూ చూడరు. తక్కువ బరువు రికార్డుకు మంచిదని ఒక నమ్మకం ఉంది. అది తప్పు. 2 గ్రాములు కావలసిన సూదిని 1.2 దగ్గర పెడితే అది గాడిలో కుదురుగా ఉండక గోడలకు ఎగిరెగిరి తగులుతుంది. రికార్డును గీకేది అదే.

మూడోది తీగలు. ఒక వైపు సౌండ్ రాకపోతే కార్ట్రిడ్జ్ పోయిందనుకుంటారు. హెడ్‌షెల్ లోపల నాలుగు సన్నని తీగలు ఉంటాయి: తెలుపు, నీలం ఎడమవి, ఎరుపు, ఆకుపచ్చ కుడివి. వాటి చివర్ల తొడుగులను పట్టకారుతో తీసి, కార్ట్రిడ్జ్ పిన్నులను శుభ్రంగా తుడిచి మళ్లీ తొడగండి. అయినా రాకపోతే కుడి ఎడమల తీగలు మార్చి చూడండి. మూగదనం రెండో వైపుకు మారితే తప్పు కార్ట్రిడ్జ్‌ది. మారకపోతే తప్పు తీగల్లోనో, ఆ తర్వాతి వైర్లలోనో ఉంది.

సూది అరిగిందని ఎలా తెలుస్తుంది?

చెవే చెబుతుంది, కానీ ఆలస్యంగా చెబుతుంది. "స", "శ", "ష" అక్షరాల దగ్గర ఉమ్మినట్టు బుస్సుమనడం, సైడు చివరి పాటలో గొంతు చీరుకుపోయినట్టు ఉండడం మొదటి గుర్తులు. రికార్డు బయటి అంచు దగ్గర గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల వేగంతో సూది కింద నుంచి పోతుంది. లోపలి అంచుకు వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అదే పాటను సగం కంటే తక్కువ జాగాలో కుక్కినట్టు. అరిగిన మొన ఆ ఇరుకులో వంకరలను అందుకోలేదు.

అందుకే గంటలు లెక్కపెట్టడం మేలు. ఆడియో-టెక్నికా తన సూదులకు ఇచ్చే లెక్క ఇది: గుండ్రటి మొనకు 500 గంటలు, అండాకారానికి 300, షిబాటాకు 800, మైక్రోలీనియర్‌కు 1000 (ఈ మొనల తేడా కింద చెబుతాను). ఎల్‌పీ రెండు వైపులా కలిపి 40 నిమిషాలు అనుకుని, రోజుకొకటి వింటే అండాకారపు సూది 15 నెలలు వస్తుంది. నేను రికార్డు పెట్టినప్పుడల్లా పాత క్యాలెండర్ మీద ఒక గీత గీస్తాను. ఇంట్లో వాళ్లు పాల లెక్క అనుకుంటారు.

అయిదారు వేలు పెట్టగలను. ఒక్క పేరు చెప్పండి.

ఆడియో-టెక్నికా వాళ్ల ఏటీ-వీఎం95ఈ. మీ ఆర్మ్ దాన్ని మోయగలిగితే కళ్లు మూసుకుని కొనండి. కొనేరోజు ధర చూసుకోండి, దిగుమతి సరుకు కాబట్టి డాలర్‌తో పాటు ఎక్కి దిగుతుంది.

ఇదే ఎందుకంటే, ఆ వరుసలో ఒకే డబ్బాకు పలు రకాల సూదులు ఉన్నాయి. వీఎం95సీ గుండ్రటి మొన, అన్నిటికంటే చౌక. వీఎం95ఈ అండాకారం. ఈఎన్ అనేది అదే అండాకారం, కాకపోతే మొన మొత్తం వజ్రమే. ఎంఎల్ అనేది మైక్రోలీనియర్, ఎస్‌హెచ్ అనేది షిబాటా. ఈ రోజు సీ కొని రెండేళ్ల తర్వాత ఎంఎల్ సూది ఒక్కటే తెచ్చి దూర్చితే చాలు, స్క్రూ విప్పే పని లేదు. జీతాల మీద బతికే మనలాంటివాళ్లకు ఇది విడతల్లో ఇల్లు కట్టుకున్నట్టే, పునాది ఒక్కసారి వేస్తే చాలు. బరువు 6.1 గ్రాములు, మోపాల్సింది 2 గ్రాములు, వచ్చే కరెంటు సుమారు 4 మిల్లీవోల్టులు. మామూలు బరువున్న ఏ ఆర్మ్‌కైనా సర్దుకుంటుంది.

మీ ప్లేయర్ ఎల్‌పీ120ఎక్స్ అయితే దానితో వచ్చింది ఇదే కార్ట్రిడ్జ్. మళ్లీ కొనకండి, సూది మార్చండి.

ఇంకా తక్కువ, రెండు మూడు వేలలోపే అయితే?

ఏటీ3600ఎల్ విడిగా కూడా దొరుకుతుంది. 3 గ్రాముల దగ్గర నడుస్తుంది, గుండ్రటి మొన. మొరటుగా ఉంటుంది కానీ గొంతు పాటలకు బాగుంటుంది. పాత ఆర్మ్‌లలో, కొంచెం బిగుసుకున్న వాటిలో, నాజూకు కార్ట్రిడ్జ్‌ల కంటే ఇదే కుదురుగా నడుస్తుంది. దీన్ని చిన్నచూపు చూడకండి.

ఆర్టోఫోన్ 2ఎం రెడ్ గురించి చాలామంది గొప్పగా చెబుతారు. అది వద్దా?

మంచిదే. డెన్మార్క్ కంపెనీ, 5.5 మిల్లీవోల్టుల కరెంటు, 1.8 గ్రాముల బరువు. దీని డబ్బాలోకి 2ఎం బ్లూ సూది కూడా దూరుతుంది, అంటే ఇక్కడా మెట్టు ఎక్కే దారి ఉంది. కానీ మెట్టు ధర ఎక్కువ. నా చెవికి రెడ్ కొంచెం ఉత్సాహం ఎక్కువైన పిల్లవాడిలా వినిపిస్తుంది. తాళాలు, మంజీరాలు ముందుకు దూకుతాయి. హిందుస్తానీ, రాక్ వినేవాళ్లకు అది నచ్చవచ్చు. గీకులు పడ్డ పాత తెలుగు సినిమా రికార్డుల మీద ఆ ఉత్సాహం చిటపటలను కూడా ముందుకు తోస్తుంది. ఒకే ధరకు రెండూ దొరికితే నేను వీఎం95ఈ వైపే పోతాను. మీ చెవి వేరే చెబితే దాని మాటే వినండి.

గుండ్రం, అండాకారం, మైక్రోలీనియర్: మన పాత రికార్డులకు ఏది?

రికార్డు గాడి ఇంగ్లిషు అక్షరం "వీ" ఆకారంలో ఉంటుంది. గుండ్రటి మొన రెండు గోడలను ఒక్కొక్క చుక్క దగ్గర తాకుతుంది. అండాకారం పక్కల సన్నగా ఉంటుంది కాబట్టి చిన్న వంకరల్లోకీ దూరుతుంది. మైక్రోలీనియర్, షిబాటా మొనలు గోడను నిలువు గీతలా తాకుతాయి. సూక్ష్మమైన సౌండ్ అంతా అక్కడే ఉంటుంది, పైగా బరువు ఎక్కువ జాగాలో పంచుకోవడం వల్ల మొన ఎక్కువ కాలం వస్తుంది.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో దొరికే 1970ల ఘంటసాల, సుశీల పాటల రికార్డుల్లో ఎక్కువ భాగం బరువైన సిరామిక్ ప్లేయర్ల కింద ఏళ్ల తరబడి నలిగినవే. ఆ గుండ్రటి మొనలు గోడను ఒకే ఎత్తులో అరగదీశాయి. కొత్త గుండ్రటి సూది పెడితే అదీ ఆ అరిగిన చోటనే కూర్చుంటుంది. గీతలా తాకే మొన ఆ చోటుకు పైనా కిందా అరగకుండా మిగిలిన గోడను కూడా చదువుతుంది. బాపు పెట్టెలోని ఒక రికార్డు పనికిరాదని పక్కన పడేశాను. మైక్రోలీనియర్ సూది పెట్టాక అందులో వీణ వినబడింది. ఆ రోజు మా ఇంట్లో అన్నం ఆలస్యమైంది.

అన్నిటికీ ఇలా జరగదు. గాడి మొత్తం చిరిగి ఉంటే ఈ మొన ఆ చిరుగును కూడా అంతే శ్రద్ధగా చదివి వినిపిస్తుంది. ఎంఎల్ ధర వీఎం95ఈ ధరకు సుమారు మూడింతలు, గంటలూ మూడింతల పైనే. గంటకు పడే ఖర్చు చూస్తే రెండూ ఒకటే, కాకపోతే ఒకేసారి పెట్టాలి. అలవాటుగా రోజూ వినేవాళ్లకు ఎంఎల్ నష్టం కాదు. నెలకు రెండు రికార్డులు వినేవాళ్లకు వీఎం95ఈ చాలు.

మోనో రికార్డులకు, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే సౌండ్ వచ్చేవాటికి, వేరే కార్ట్రిడ్జ్ కావాలా?

అక్కర్లేదు. యాంప్లిఫయర్‌పై మోనో బటన్ ఉంటే నొక్కండి. గీకుల శబ్దం సగం తగ్గినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే మోనో గాడిలో పాట అడ్డంగా మాత్రమే ఉంటుంది, నిలువుగా వచ్చేదంతా చెత్తే. రెండు వైపులనూ కలిపితే ఆ నిలువు చెత్త ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఇంత చౌకైన అప్‌గ్రేడ్ ఇంకోటి లేదు.

78 రికార్డులు, పాత నాటక పద్యాలు ఉన్నాయి. అదే సూదితో వాయించవచ్చా?

వద్దు. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ పాత రికార్డుల గాడి ఎల్‌పీ గాడి కంటే చాలా వెడల్పు. ఎల్‌పీ సూది అడుగున పడి దుమ్ములో ఈదుతుంది. 3 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్) మొన ఉన్న సూది కావాలి, వీఎం95 వరుసలో ఎస్‌పీ పేరుతో దానికే ఒక కార్ట్రిడ్జ్ ఉంది. ప్లేయర్‌కు 78 వేగం ఉందో లేదో కూడా చూసుకోండి, ఇప్పటి చాలా మోడళ్లకు లేదు.

ఇంకొక ముఖ్యమైన మాట: 78 రికార్డులు లక్కతో చేసినవి. స్పిరిట్, ఆల్కహాల్ ఉన్న ద్రవాలు లక్కను కరిగిస్తాయి. ఎల్‌పీల వినైల్ ప్లాస్టిక్‌కు వాడే క్లీనర్ వీటి మీద వేయకండి.

మూవింగ్ కాయిల్, అంటే అయస్కాంతం బదులు తీగ చుట్లే కదిలే రకం, ఎలా ఉంటుంది?

బాగుంటుంది. ఈ బడ్జెట్‌లో దాని గురించి ఆలోచించకండి.

ఫోనో ప్రీఆంప్ కూడా మార్చాలా?

ఉండి తీరాలి, మార్చి తీరాల్సిన పని లేదు. రికార్డు కోసేటప్పుడు గాడి చాలినంత సన్నగా ఉండాలని బేస్ తగ్గిస్తారు, బుస శబ్దం తగ్గాలని ట్రెబుల్ పెంచుతారు. ప్రీఆంప్ దాన్ని తిరగేసి మామూలు చేస్తుంది, పైగా సౌండ్‌ను వంద రెట్లు పెంచుతుంది. 1954 నుంచి ఈ లెక్కకు ఆర్‌ఐఏఏ అనే ప్రమాణం ఉంది. మీ ప్లేయర్ వెనక ఫోనో, లైన్ అనే స్విచ్ ఉంటే లోపల ప్రీఆంప్ ఉన్నట్టే. ఆంప్‌కు కూడా ఫోనో ఇన్‌పుట్ ఉంటే రెండింట్లో ఒకటే వాడండి. రెండూ కలిపితే సౌండ్ పగిలిపోతుంది, "కొత్త కార్ట్రిడ్జ్ చెత్తది" అని ఫోన్ వస్తుంది.

బిగించడం నేనే చేసుకోగలనా?

చేసుకోగలరు. ఒక సాయంత్రం పడుతుంది, తొందర ఉండకూడదు. వీఎం95, 2ఎం డబ్బాలలో మరలు కోసి ఉంటాయి కాబట్టి స్క్రూలు నేరుగా దిగుతాయి, కింద నట్టు పట్టుకునే బాధ లేదు. సూది మూత మాత్రం పని అయ్యేదాకా తీయకండి.

నా తప్పు ఇక్కడే చెబుతాను. మొదటిసారి మామూలు స్టీలు స్క్రూడ్రైవర్ వాడాను, మూత తీసేశాను. కార్ట్రిడ్జ్‌లో అయస్కాంతం ఉందన్న సంగతి చదివి కూడా మరిచిపోయాను. స్క్రూడ్రైవర్‌ను అది టక్కున లాక్కుంది, కడ్డీ వెంట్రుకలా వంగింది. కొని మూడు గంటలే అయింది. రెండో సూదికి చొక్కా చేయి తగిలింది. అప్పటి నుంచి మోచేతుల దాకా చేతులు మడిచి, మూత పెట్టి, అయస్కాంతానికి అంటని స్క్రూడ్రైవర్‌తో చేస్తున్నాను. పిన్నుల మీద నేరుగా సోల్డరింగ్ చేయకండి, వేడికి లోపలి వెంట్రుక తీగ తెగుతుంది.

బిగించాక కోణం సరిచూడాలి. దీనికి ప్రొట్రాక్టర్ అనే గీతల కాగితం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. నయీంనగర్ జిరాక్స్ షాపుల్లో ప్రింట్ తీసుకునేటప్పుడు "పేజీకి సరిపెట్టు" కాకుండా 100 శాతం అని చెప్పి తీయించండి. ఇంటికొచ్చి స్కేలుతో కొలవండి, ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా పడేయండి. ఎక్కువమంది వాడే లెక్కలో మధ్య నుంచి 66 మిల్లీమీటర్లు, దాదాపు 121 మిల్లీమీటర్ల దగ్గర కార్ట్రిడ్జ్ గీతలకు సమాంతరంగా నిలవాలి. రెండు చోట్లా కుదిరేదాకా హెడ్‌షెల్‌లో ముందుకు వెనక్కి జరుపుతూ ఉండాలి. విసుగొస్తుంది. టీ తాగి మళ్లీ మొదలుపెట్టండి.

బరువు కొలవడానికి ఏం కొనాలి? బంగారం షాపు కాంటా సరిపోతుందా?

కంసాలి దగ్గరికి ప్లేయర్ మోసుకెళ్లిన మనిషి ఒకాయన ఉన్నాడు, నవ్వకండి. చిన్న డిజిటల్ కాంటా, 0.01 గ్రాము దాకా చూపేది, కొనుక్కోండి. స్టైలస్ కోసమే చేసినది అయితే మేలు. మామూలు కాంటాకు స్టీలు పళ్లెం ఉంటే కార్ట్రిడ్జ్ అయస్కాంతం దాన్ని లాగి తప్పు తూకం చూపిస్తుంది. రెండోది, సూది ఆనే చోటు రికార్డు ఎత్తులోనే ఉండాలి, ఎత్తైన కాంటా పైన ఆనితే లెక్క మారుతుంది. ముందు ఆర్మ్ గాలిలో సమంగా తేలేలా వెనక బరువు తిప్పి, డయల్ సున్నా చేసి, తర్వాత కావలసిన గ్రాములకు తిప్పండి. ఆర్మ్ మధ్యలోకి జారకుండా పట్టే యాంటీ-స్కేట్‌ను కూడా అదే అంకె దగ్గర పెట్టి మొదలుపెట్టండి.

కొత్త కార్ట్రిడ్జ్ పెట్టాక గుంయ్‌మని హమ్ వస్తోంది.

ఎర్త్ తీగ. పదిలో తొమ్మిది సార్లు అదే. ప్లేయర్ వెనక నుంచి వచ్చే సన్నని తీగను ఆంప్ వెనక ఉన్న స్క్రూకు బిగించండి. మిగతా ఒక్కసారి హెడ్‌షెల్ తీగల తొడుగు వదులు. మన పాత ఇళ్లలో మూడో పిన్నుకు ఎర్త్ ఉండదు, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. అది కార్ట్రిడ్జ్ కోసం మాత్రమే చేయాల్సిన పని కాదు.

నడిస్తే సూది ఎగురుతోంది, కార్ట్రిడ్జ్ మార్చాలా?

బల్ల మార్చండి. కాజీపేటలో పట్టాల పక్కనే ఉండే మిత్రుడి ఇంట్లో గూడ్స్ బండి పోయినప్పుడల్లా ఘంటసాల గొంతు వణికేది. కరీంనగర్ నుంచి వచ్చే టాన్ బ్రౌన్ గ్రానైట్‌తో వంటగది కట్టుకున్న ఇళ్లలో మిగిలిన ముక్కలు ఏదో మూల ఉంటాయి. అలాంటి పలక ఒకటి బల్ల మీద వేసి, కింద నాలుగు మూలలా మెత్తని రబ్బరు ముక్కలు పెట్టి, పైన ప్లేయర్ ఉంచాం. గోడకు కొట్టిన షెల్ఫ్ ఇంకా మేలు. ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిసి సహజంగా ఊగే వేగం 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉంటే మంచిది. అంతకంటే తక్కువైతే నడక, వంకర రికార్డు రెండూ దాన్ని ఊపేస్తాయి. మరీ మెత్తని కడ్డీ ఉన్న కార్ట్రిడ్జ్‌ను బరువైన పాత ఆర్మ్‌కు పెట్టొద్దనేది అందుకే.

వరంగల్‌లో ఎక్కడ దొరుకుతాయి?

షాపులో చూసి కొనే అవకాశం నాకు ఇక్కడ ఎప్పుడూ దొరకలేదు, ఆన్‌లైనే దిక్కు. వైర్లు, తొడుగులు, కనెక్టర్లు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. కాజీపేటలో పొద్దున్న బండి ఎక్కితే సాయంత్రానికి పని చూసుకుని రావచ్చు. పాత ప్లేయర్ల కోసం ఎర్రగడ్డ ఆదివారం సంతలో తిరగవచ్చు, బేరం మీ నోటిని బట్టి.

పార్సిల్ తెరిచేటప్పుడు ఫోన్‌తో వీడియో తీయండి. నాకు ఒకసారి ఆన్‌లైన్ అమ్మకందారు ఒకరు కొత్తదని చెప్పి వాడిన సూది పంపారు. మొనకు పట్టిన నూగు వీడియోలో కనిపించింది కాబట్టి డబ్బు తిరిగొచ్చింది. బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు కలిపి లెక్క వేసుకోండి. చౌక అనుకున్నది ఇంటికి చేరేసరికి చౌకగా ఉండదు.

సెకండ్ హ్యాండ్ కార్ట్రిడ్జ్ కొనవచ్చా?

డబ్బా కొనవచ్చు, సూది కొనకూడదు. ఎన్ని గంటలు నడిచిందో అమ్మేవాడికే తెలియదు. కొనేముందు దానికి కొత్త సూది దొరుకుతుందో లేదో, ఎంతకు దొరుకుతుందో చూడండి. షూర్ కంపెనీ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ ఆపేసింది. దాని పాత డబ్బాలు ఇప్పటికీ మంచివే, వాటికి జపాన్‌లోని జికో లాంటివాళ్లు సూదులు చేస్తున్నారు. కానీ మంచి జికో సూది ధరకు కొత్త వీఎం95ఈ వచ్చేస్తుంది.

పెట్టాను, పెద్ద తేడా వినబడలేదు. మోసపోయానా?

బరువు, కోణం మళ్లీ చూడండి. కొత్త కడ్డీ రబ్బరు కొంచెం బిర్రుగా ఉంటుంది, ఇరవై ముప్పై గంటలు నడవనివ్వండి. అయినా లేకపోతే స్పీకర్ల వైపు చూడండి. ఫోన్ కోసం కొన్న బ్లూటూత్ డబ్బాలో ఏ కార్ట్రిడ్జ్ అయినా ఒకేలా వినిపిస్తుంది.

తీసేసిన పాత సూదిని ఏం చేయాలి?

పూర్తిగా అరగనిదైతే మూత పెట్టి డబ్బాలో దాచండి, మీద తేదీ రాయండి. సంతలో కొన్న రికార్డు గాడిలో ఏముందో తెలియదు, ఇసుక ఉండవచ్చు, జిగురు ఉండవచ్చు. కడిగాక మొదటిసారి పాత సూదితో వాయించండి. బాగుందనిపిస్తేనే కొత్తది దించండి. అరిగిపోయినదైతే ఈ పనికీ వద్దు, మొన పదునెక్కి గాడిని కోస్తుంది.